నిఖా తారీఖు చూసి పళ్లు అరగదీయొద్దు: అల్వాల్‌లో ‘స్మైల్ ప్యాకేజీ’ల వెనక లెక్క

అల్వాల్‌లో పెళ్లి కుదిరిన ఇంట్లో ఖర్చుల చిట్టాకు ఈమధ్య కొత్త పద్దు ఒకటి తోడవుతోంది. షాదీఖానా, దావత్, బట్టలు, నగలు... ఆ తర్వాత ‘స్మైల్ డిజైన్’. లోతుకుంట, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాకా రాజీవ్ రహదారి పొడవునా డెంటల్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే ప్రకటనలు వేరే. పై పళ్లు ఎనిమిదింటికి ఒక ధర, పదింటికి ఇంకో ధర, ‘ఈ నెలాఖరు వరకే’ అని కింద చిన్న గమనిక.

అదే ఇంట్లో ఓ మూల దాదీ జొన్నరొట్టెను చారులో నానబెట్టుకుని తింటూ ఉంటుంది. కింది దవడలో నాలుగు పళ్లు ఊడి ఏళ్లయింది. ఆమె పళ్ల సంగతి ‘పెళ్లి అయ్యాక చూద్దాం’ అని వాయిదా పడుతుంది. ఏ లోపం లేని ఇరవై రెండేళ్ల పిల్ల పళ్ల మీద లక్ష ఖర్చవుతుంది, నమలలేని మనిషికి మాత్రం డబ్బు మిగలదు. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

ఇక్కడ తప్పు అందం కోరుకోవడంలో లేదు. ఏ చికిత్స చేయించాలో నోరు చెప్పాలి. ఇప్పుడు క్యాలెండర్ చెబుతోంది. నిఖా తారీఖు, దుబాయ్ నుంచి వచ్చిన కొడుకు సెలవు, ఆఫర్ గడువు... ఈ మూడింట్లో ఏదో ఒకటి తరుముతుంటే, నెమ్మదిగా చేస్తే పన్ను మిగిలే పద్ధతి పక్కకు పోయి, తొందరగా అయ్యే పద్ధతి ముందుకొస్తోంది.

అరగదీసిన పన్ను తిరిగి రాదు

అమ్మాయిని చూడటానికి వచ్చిన వాళ్లలో ఎవరో ఒక ఖాలా ‘పళ్లు కొంచెం ఎత్తుగా ఉన్నాయి కదా’ అంటుంది. ఆ ఒక్క మాటతో ఇల్లంతా కంగారు. ఎత్తు పళ్లకు, వంకర పళ్లకు అసలు వైద్యం క్లిప్పులు లేదా అలైనర్లు. వాటితో పన్ను జరుగుతుందే తప్ప అరగదు. కానీ ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. నిఖా మూడు నెలల్లో ఉంది. అప్పుడు వినిపించే జవాబు ‘క్యాపులు వేసేద్దాం’ లేదా ‘వెనీర్లు పెడదాం’.

వెనీర్ అంటే పన్ను ముందు భాగంలో అతికించే పలుచని పింగాణీ రేకు. దాన్ని అతికించడానికి సాధారణంగా పన్ను పైపొరను సగం మిల్లీమీటరు అటూఇటూగా తీస్తారు. క్యాప్ అయితే పన్ను చుట్టూరా, వెనీర్ కన్నా చాలా ఎక్కువగా అరగదీయాల్సి వస్తుంది. ఎనామిల్ అనే ఆ పైపొర గోరులాగా మళ్లీ పెరగదు. పింగాణీ వెనీర్ మంచిగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు వస్తుంది. ఇరవై రెండేళ్లకు పెట్టించుకున్న అమ్మాయి జీవితంలో మూడు నాలుగు సార్లు మార్పించుకోవాలి. ప్రతిసారీ ఖర్చు ఉంటుంది. కొన్ని పళ్లకు నరం చచ్చి రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. ప్యాకేజీ ధరలో ఈ లెక్క ఎవరూ రాయరు. ‘లైఫ్‌టైమ్ వారంటీ’ కార్డు ఇచ్చినా ఆ హామీ సాధారణంగా పింగాణీ ముక్కకే, దాని కింద ఉన్న పన్నుకు కాదు.

ఈ తొందర ఒక్క హైదరాబాద్‌కే పరిమితం కాదు. బ్రిటన్ నుంచి తుర్కియేకు వెళ్లి వారం రోజుల్లో నోరంతా క్యాపులు వేయించుకొచ్చేవాళ్లకు అక్కడ ‘టర్కీ టీత్’ అనే పేరే పడిపోయింది. తిరిగొచ్చాక నొప్పులు, చీము, ఊడిన క్యాపులతో వచ్చేవాళ్లను చూసి అక్కడి దంతవైద్యుల సంఘం హెచ్చరికలు చేస్తూనే ఉంది.

మరకల సంగతి వేరు. నల్లగొండ వైపు నుంచి వచ్చి అల్వాల్, బొల్లారం చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల్లో గోధుమరంగు మచ్చలున్న పళ్లు కనిపిస్తాయి. అది శుభ్రత లేక కాదు, మిస్వాక్ మానేసినందుకూ కాదు. చిన్నప్పుడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ పన్ను తయారవుతున్నప్పుడే లోపల చేరింది. తెలుగు నేలకు ఈ సమస్య కొత్తది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు దీన్ని నమోదు చేశారు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఇలాంటి మరకతో పెళ్లి చూపుల్లో నోరు మూసుకుని నవ్వే అమ్మాయికి వైద్యం అడిగే హక్కు పూర్తిగా ఉంది. అయితే మెట్లు ఉన్నాయి. ముందు క్లీనింగ్, తర్వాత మరక ఉన్న పొరను మాత్రమే పలుచగా రుద్ది తీయడం, బ్లీచింగ్, అవసరమైన చోట పన్ను రంగు ఫిల్లింగ్. చాలామందికి ఇక్కడే సరిపోతుంది. వెనీర్ ఆ తర్వాతి మాట, క్యాప్ అన్నిటికన్నా చివరిది. తొలి మెట్టు ఎక్కకుండా నేరుగా చివరిదానికి తీసుకెళ్లే చోట ‘ముందు బ్లీచింగ్ చేసి చూడొచ్చా డాక్టర్ గారూ’ అని అడిగితే చాలు, ఎదురుగా ఉన్నది వైద్యుడా వ్యాపారా తెలిసిపోతుంది.

బ్లీచింగ్‌కూ హద్దులున్నాయి. పాత క్యాప్, పాత ఫిల్లింగ్ రంగు దానితో మారదు. కొన్ని రోజులు పళ్లు జివ్వుమంటాయి. టీ, పాన్ అలవాటు ఉంటే ఏడాదిలోపే రంగు తిరిగొస్తుంది. గర్భిణులు వాయిదా వేసుకోవాలి.

దాదీకి ఏది?

ఊడిన పన్ను స్థానంలో పెట్టడానికి మూడు దారులు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జ్, దవడ ఎముకలో టైటానియం మర బిగించి దానిపై పన్ను పెట్టే ఇంప్లాంట్. క్లినిక్‌లో ఎక్కువగా మాట్లాడేది మూడో దాని గురించే. నిజానికి అది మంచి పద్ధతే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రొఫెసర్ బ్రానెమార్క్ 1965లో తొలి రోగికి పెట్టిన ఇంప్లాంట్లు ఆ మనిషి చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా పనిచేశాయి. అయితే ఎముక టైటానియాన్ని పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు కావాలి. మంచి ఎముక, సరైన బిగువు ఉన్న కొందరికి వెంటనే పన్ను పెట్టడం కుదురుతుంది. దాన్ని అందరికీ ‘మూడు రోజుల్లో పళ్లు’గా అమ్మడం దగ్గరే చిక్కు.

బ్రిడ్జ్‌లో పక్కనున్న రెండు పళ్లను అరగదీయాలి. ఆ రెండూ ఇప్పటికే పుచ్చిపోయి క్యాపులు పడాల్సినవైతే బ్రిడ్జే తెలివైన ఎంపిక, డబ్బూ ఆదా. అవి నిక్షేపంలా ఉంటే మాత్రం ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లను పాడుచేసినట్టే.

కట్టుడు పళ్లంటే మనవాళ్లకు చిన్నచూపు. నిజానికి డెబ్బై ఏళ్ల దాదీకి, షుగర్ అదుపులో లేని అబ్బాకు మొదట ఆలోచించాల్సింది వాటి గురించే. కోత లేదు, నచ్చకపోతే వెనక్కి వెళ్లొచ్చు. పై దవడ సెట్టు బాగా నిలుస్తుంది. కింది సెట్టు కదులుతుందని చాలామంది డబ్బాలో పడేస్తారు. అలాంటప్పుడు నోటి నిండా ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడ ముందు భాగంలో రెండు పెట్టి, సెట్టును వాటికి గుండీలా బిగించే పద్ధతి ఉంది. ‘ఆలాన్ ఫోర్’, ‘ఆలాన్ సిక్స్’ ప్యాకేజీల ముందు ఈ మధ్యేమార్గం పేరు తక్కువగా వినిపిస్తుంది.

ఇంకో విషయం క్లినిక్‌లో ఎవరూ అంత తొందరగా చెప్పరు. ఊడిన ప్రతి పన్నూ పెట్టించుకోవాల్సిన పని లేదు. చివరి దవడ పన్ను ఒకటి పోయి, మిగతావాటితో తినడం సాగిపోతుంటే, ఎదురు పన్ను కిందికి జారకుండా ఉంటే, వదిలేయడం కూడా వైద్యమే. జ్ఞానదంతం పీకించుకున్న చోట అయితే అసలు ప్రశ్నే లేదు. మరోవైపు క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను పోగొట్టుకున్న పద్నాలుగేళ్ల పిల్లాడికి ఇంప్లాంట్ పెడతామంటే ఒప్పుకోకూడదు. దవడ ఎదుగుదల ఆగేదాకా తాత్కాలిక పన్నుతో నెట్టుకురావాలి. లేదంటే దవడ పెరుగుతుంది, మర మాత్రం అక్కడే ఉండిపోతుంది.

డాక్టర్‌కు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎముకలు గుల్లబారినందుకు బిళ్లలు గానీ ఏడాదికోసారి ఇంజెక్షన్ గానీ తీసుకుంటున్న అమ్మీలు దాన్ని దాచకూడదు. ఆ మందు మీద ఉండగా పన్ను పీకినా, ఇంప్లాంట్ పెట్టినా దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. రక్తం పలుచనయ్యే మందును సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం, గుండె డాక్టర్‌ను అడగాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడగకుండానే ఇంప్లాంట్‌కు తేదీ ఇచ్చే చోట కూర్చోకపోవడమే మేలు. ఇక గుట్కా. నిషేధం ఉన్నా దొరుకుతూనే ఉంది. గుట్కా, సిగరెట్ మానని నోట్లో ఇంప్లాంట్ ఊడే అవకాశం ఎక్కువ. గుట్కాతో నోరు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టని వాడికి ముందు చూడాల్సింది క్యాన్సర్ పరీక్ష, స్మైల్ డిజైన్ కాదు.

ఎముక పొడి ఎక్కడిది?

ఇంప్లాంట్ కోసం ఎముక చాలనప్పుడు ‘బోన్ గ్రాఫ్ట్’ పేరుతో పొడి, దానిపై పలుచని పొర వేస్తారు. ఈ సరుకు నాలుగు చోట్ల నుంచి రావచ్చు. రోగి సొంత ఎముక, మరో మనిషి దానమిచ్చిన ఎముక, జంతువుది, లేదంటే ఫ్యాక్టరీలో తయారైనది. జంతువుది అంటే పొడి ఎక్కువగా పశువుల ఎముక, పై పొర మాత్రం కొన్ని పేరున్న బ్రాండ్లలో పందిది. ముస్లిం కుటుంబాలు దీన్ని అడగడానికి మొహమాటపడతాయి. డాక్టర్‌కు అడిగేదాకా గుర్తురాదు. డబ్బా మీద రాసే ఉంటుంది, పందికి సంబంధం లేనివి, పూర్తిగా కృత్రిమమైనవి కూడా మార్కెట్లో దొరుకుతాయి. కుర్చీలో నోరు తెరిచాక కాకుండా ముందు రోజే అడిగితే మార్చడం కష్టం కాదు.

షరియత్ ప్రశ్న అక్కడితో ఆగదు. పోయిన అవయవాన్ని తిరిగి పెట్టించుకోవడానికి ఆలిమ్‌లు చూపే ఆధారం అందరికీ తెలిసిందే: యుద్ధంలో ముక్కు కోల్పోయిన సహాబీ అర్ఫజా వెండి ముక్కుతో ఇబ్బంది పడితే బంగారు ముక్కుకు అనుమతి దొరికిన సంగతి. కేవలం అందం కోసం పళ్ల మధ్య సందు చేయించుకోవడాన్ని ఖండించిన హదీసూ ఉంది. లోపాన్ని సరిచేయడం ఒకటి, బాగున్నదాన్ని మార్చడం ఇంకొకటి అని ఉలమా తేడా చూపేది ఈ రెంటి ఆధారంగానే. కాబట్టి మౌలానా గారిని ‘పళ్లకు ట్రీట్‌మెంట్ చేయించొచ్చా’ అని గుండుగుత్తగా అడిగితే లాభం లేదు. మరక తీయిస్తున్నామా, ఊడింది పెట్టిస్తున్నామా, ఆరోగ్యమైన పళ్లను అరగదీయిస్తున్నామా అన్నది వివరంగా చెప్పి అడగాలి. గుస్ల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్ అని చెప్పే హనఫీ కుటుంబాల్లో, తీసి పెట్టుకునే సెట్టు గురించీ బిగించిన పన్ను గురించీ వేర్వేరు మసలాలు ఉంటాయి. అదీ అప్పుడే తేల్చుకోవచ్చు.

మత్తు సూది, సెలైన్ సీసా

2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక డెంటల్ క్లినిక్‌లో 28 ఏళ్ల యువకుడు స్మైల్ డిజైనింగ్ కోసం వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. నిశ్చితార్థం అయి కొద్ది రోజులే. మత్తుమందు ఎక్కువ ఇవ్వడం వల్లే చనిపోయాడని తండ్రి ఆరోపించగా, నిర్లక్ష్యం కింద పోలీసులు కేసు పెట్టారు. దీన్ని చూసి పంటి సూది అంటేనే భయపడాల్సిన పని లేదు. నగరంలో రోజూ వేలమందికి అది పడుతూనే ఉంది. భయపడాల్సింది ఒకే పూట పది, పన్నెండు పళ్లు ముగించే హడావుడికి. మత్తుమందుకు మనిషి బరువును బట్టి ఒక పరిమితి ఉంటుంది. పళ్లు ఎక్కువయ్యే కొద్దీ సూదులు ఎక్కువవుతాయి. నిద్రమత్తు కూడా ఇస్తామంటే మత్తు డాక్టర్ వేరుగా ఉంటారా, ఆక్సిజన్, పల్స్ చూసే యంత్రం ఉన్నాయా అని అడగాలి. తోడుగా ఒకరు బయట కూర్చోవాలి.

తమిళనాడులోని వాణియంబాడిలో జరిగినది మరో రకం. ఉర్దూ మాట్లాడే ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్న పట్టణం అది. 2022, 2023 మధ్య అక్కడ ఒకే డెంటల్ క్లినిక్‌కు వెళ్లినవారిలో పదిమందికి మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి సోకింది. ఎనిమిది మంది చనిపోయారు. సెలైన్ సీసాను వాడిన పరికరంతోనే తెరిచి, మూత సరిగా పెట్టకుండా, అదే సీసాను మళ్లీ మళ్లీ వాడటం దగ్గర దర్యాప్తు తేలింది. ఆ వివరాలు 2025లో వైద్య పత్రికలో వచ్చాయి. అక్కడ పోయినవాళ్లలో ఎవరూ అద్దాల గోడలు, ఏసీ హాలు చూసి మోసపోయినవాళ్లు కాదు. మామూలు పంటి నొప్పికి దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లినవాళ్లు. పరికరాలు సీలు వేసిన కవర్లోంచి కళ్ల ముందే తీస్తున్నారా, కొత్త గ్లవ్స్ వేసుకున్నారా, సీసా కొత్తదేనా... చూడటానికి చదువు అక్కర్లేదు, పక్కనున్న కొడుకో కూతురో చూస్తే చాలు.

ఖర్చు ఎక్కడ తగ్గుతుంది

గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. పంటి ఇంప్లాంట్‌కు అలాంటి కట్టడి లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగినా వెనీర్లు, ఇంప్లాంట్లు జేబు ఖర్చే. ప్రైవేటు బీమా కూడా ప్రమాదంలో పళ్లు పోతే తప్ప మామూలుగా ఇవ్వదు. అందుకే ఒకే పన్నుకు ఒక చోట ఇరవై వేలు, ఇంకో చోట అరవై వేలు అంటారు. ఆశ్చర్యమేమంటే రెండూ అబద్ధం కాకపోవచ్చు. తక్కువ ధరలో మర ఒక్కటే ఉండొచ్చు. దానిపై దిమ్మ, క్యాప్, స్కాన్, ఎముక పొడి వేరే బిల్లు. అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోకుండా రెండు క్లినిక్‌ల ధరలు పోల్చడం, కిలో బియ్యంతో బస్తా బియ్యాన్ని పోల్చినట్టు.

‘జీరో వడ్డీ ఈఎంఐ’ అనే మాట దగ్గర కూడా ఆగాలి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఒక్క వాయిదా తప్పితే జరిమానా వడ్డీ ఉంటుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబానికి అంతకన్నా తేలికైన దారి ఉంది. ఇంప్లాంట్ పని ఎలాగూ నెలల మీద సాగుతుంది. మర పెట్టినప్పుడు కొంత, పన్ను పెట్టినప్పుడు కొంత ఇస్తామంటే చాలా క్లినిక్‌లు ఒప్పుకుంటాయి.

డెంటల్ కాలేజీలను మనవాళ్లు మర్చిపోతున్నారు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అల్వాల్‌కు దగ్గరగా జవహర్‌నగర్ వైపు ఆర్మీ డెంటల్ కాలేజీ, సూరారంలో మల్లారెడ్డి డెంటల్ కాలేజీలు ఉన్నాయి. విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు పక్కనే ఉండి చూస్తారు. నాలుగు సార్లు తిరగాలి, గంటలకొద్దీ కూర్చోవాలి. నిజమే. దాదీ కట్టుడు పళ్లకు ఆ ఓపిక పెడితే మిగిలే డబ్బు తక్కువేం కాదు. బొల్లారం, అల్వాల్ చుట్టూ మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువ. ఈసీహెచ్ఎస్ కార్డు ఉన్నవాళ్లు ప్రైవేటు గడప తొక్కక ముందు తమ పాలీక్లినిక్‌లో అడగాలి.

గల్ఫ్ నుంచి నెల సెలవుపై వచ్చే కొడుకులకు ఇంప్లాంట్ పని ఒక్క రాకలో పూర్తి చేయించుకోవాలన్న తొందర ఎక్కువ. ఈ సెలవులో మర, వచ్చే సెలవులో పన్ను అని రెండుగా విడదీసుకుంటే ఎముకకు కావాల్సిన సమయం దానంతటదే దొరుకుతుంది. వెళ్లేటప్పుడు ఇంప్లాంట్ డబ్బాపై ఉండే స్టిక్కర్‌ను ఫైల్లో అంటించి ఇవ్వమని అడగాలి. బ్రాండ్, సైజు, లాట్ నంబర్ అందులో ఉంటాయి. అది లేకపోతే జెద్దాలోనో రియాద్‌లోనో మర వదులైనప్పుడు ఏ పానాతో బిగించాలో అక్కడి డాక్టర్‌కు తెలియదు.

చికిత్సకు ముందు తీసిన ఫొటోలు, ఎక్స్‌రేలు, బిల్లులు కూడా ఇంటికే రావాలి, క్లినిక్ కంప్యూటర్‌లో ఉంటే సరిపోదు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ బిల్లు మీద ఉందో లేదో చూడాలి. పని చెడితే ఫిర్యాదు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఇవ్వొచ్చు, పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, గడువు మాత్రం రెండేళ్లు.